నీళ్లలోకి మొహమాటంతో దిగకండి

మీరు నెల్లూరులో ఉండే నలుగురైదుగురు స్నేహితులు. కాలేజీ నాటి జట్టు కావచ్చు, ఒకే ఆఫీసువాళ్లు కావచ్చు. ఐదు రోజుల సెలవు కుదిరింది. పగడపు దిబ్బల మధ్య స్కూబా డైవింగ్ చేసి రావాలని వాట్సాప్ గ్రూపులో తీర్మానం అయిపోయింది. ఒకరు విమానం టికెట్ల ధరలు పెడుతున్నారు, ఇంకొకరు నీళ్లలో తీసిన వీడియోలు పెడుతున్నారు. బాగానే ఉంది. ఒక్కసారి ఆ సంభాషణంతా వెనక్కి జరిపి చదవండి. "నాకు నీళ్లంటే భయం" అని ఎవరైనా రాశారా? "చిన్నప్పుడు చెవికి ఆపరేషన్ అయింది, దిగొచ్చో లేదో డాక్టర్ని అడగాలి" అని రాశారా? రాసి ఉండరు. రాసిన మరుక్షణం "ఏందిరా, అప్పుడే మొదలుపెట్టావా?" అన్న జవాబు వస్తుందని గ్రూపులో అందరికీ తెలుసు.

ఈ అధ్యాయం చెప్పేది ఒక్కటే. స్నేహితులతో వెళ్లే చిన్న డైవింగ్ ప్రయాణాన్ని చెడగొట్టేవి ఎక్కువగా రెండు: తొందర, మొహమాటం. పడవ, పరికరాలు, ఇన్‌స్ట్రక్టర్ డబ్బిస్తే అక్కడే దొరుకుతారు. "ఈ పూట నేను దిగను" అనగలిగే తెగువ, ఆ మాట విని "సరేలే" అనగలిగే మంచితనం మాత్రం ఇక్కణ్నుంచే తీసుకెళ్లాలి. ఇదేదో నీతిబోధలా వినిపిస్తోందా? నీళ్లలో ఒంటికి ఏం జరుగుతుందో ఒక్కొక్కటిగా చూద్దాం. ఈ సలహా ఎక్కణ్నుంచి వచ్చిందో మీకే తెలుస్తుంది.

ముందు చోటు సంగతి

"ఇంత సముద్రం మన పక్కనే ఉంటే ఇంకెక్కడికో పోవడం ఎందుకు? మైపాడులోనో తుమ్మలపెంటలోనో దిగితే చాలదా?" అని గ్రూపులో ఒకరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఉంగరంలో పొదిగిన పగడాన్ని మనం రాయి అంటాం కానీ అది ఒక జీవి ఒంట్లో తయారైన గట్టి పదార్థం. దిబ్బలు కట్టే పగడాలు కూడా జీవులే. వాటి ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచు ఎండను వాడుకుని వాటికి తిండి తయారుచేస్తుంది. అందుకే ఎండ లోపలిదాకా దిగే తేట నీళ్లు, అతుక్కోవడానికి గట్టి అడుగు, పెద్దగా మారని ఉప్పదనం ఉన్నచోటే దిబ్బలు పెరుగుతాయి. మన తీరమేమో ఇసుక, ఒండ్రు. ఊటుకూరు దగ్గర పెన్న కలుస్తుంది. అక్టోబరు తర్వాత తీరం వెంట నీరు ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతూ గోదావరి, కృష్ణ తెచ్చిన మంచినీళ్లను కూడా ఇటు తోస్తుంది. మన చేపలకు, రొయ్యలకు కలిసొచ్చే ఆ మడ్డినీళ్లే పగడానికి గిట్టవు.

దేశంలో పెద్ద పగడపు దిబ్బలున్న చోట్లు నాలుగు: అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ. విశాఖలో రుషికొండ వైపు, పుదుచ్చేరిలో స్కూబా ఉంది. అక్కడ రాతి గుట్టల మధ్య చేపలు బాగానే కనిపిస్తాయి, పగడపు దిబ్బ కోసమే అయితే నిరాశపడతారు. పడమటి తీరంలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి ఉంది కానీ నెల్లూరు నుంచి దారి చుట్టు. లక్షద్వీప్‌కి ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. ఇవన్నీ బేరీజు వేస్తే తక్కువ రోజులున్న నెల్లూరు జట్టుకు అండమానే సులువు. చెన్నై దాకా సుమారు 175 కిలోమీటర్లు, అక్కణ్నుంచి శ్రీవిజయపురానికి, అంటే 2024 దాకా పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరికి, రెండు గంటల పైచిలుకు విమానం. ఆపైన స్వరాజ్ ద్వీప్‌కి ఫెర్రీ. పాత పేరు హావ్‌లాక్. ఓడలో పోదామని ఎవరైనా ఉత్సాహపడితే ఒక్కమాట చెప్పండి: ఒక్క వైపు ప్రయాణానికే రెండున్నర, మూడు రోజులు పడుతుంది.

1. రోజులను చివరి నుంచి మొదటికి లెక్కపెట్టండి

మనం సాధారణంగా మొదటి రోజు నుంచి లెక్క వేస్తాం. డైవింగ్ ప్రయాణానికి తిరుగు విమానం నుంచి వెనక్కి లెక్క వేయాలి. ఎందుకో చూడండి. డైవింగ్ సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అని చాలామంది అనుకుంటారు. మామూలుగా ఉండేది మనం పీల్చే గాలే, బాగా నొక్కి నింపుతారు. అందులో ఎక్కువ భాగం నైట్రోజన్. లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడి పెరిగి, ఆ నైట్రోజన్ మామూలుకన్నా ఎక్కువగా రక్తంలోకి, కండరాల్లోకి కరుగుతుంది. పైకి వచ్చాక అది మెల్లమెల్లగా ఊపిరితో బయటికి పోవాలి. పోకముందే ఒత్తిడి హఠాత్తుగా తగ్గితే ఒంట్లోనే బుడగలు కడుతుంది, గోలీసోడా కొట్టగానే నురగ పొంగినట్టు. విమానంలో గాలి ఒత్తిడి ఇంచుమించు 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీది స్థాయికి పడిపోవచ్చు. అందుకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికన్నా ఎక్కువ చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదంటారు. 24 గంటలు ఆగితే ఇంకా నిశ్చింత.

ఇప్పుడు ఐదు రోజుల లెక్క చూడండి. ఐదో రోజు తిరుగు విమానం. నాలుగో రోజు డైవింగ్ లేదు, ఫెర్రీలో శ్రీవిజయపురం చేరి అక్కడే రాత్రి. రెండో రోజు, మూడో రోజు పొద్దున్నే డైవింగ్. మొదటి రోజు మొత్తం ప్రయాణం. "ఐదు రోజులకి రెండు పూటలేనా?" అనిపిస్తుంది. అనిపించాలి కూడా, ఎందుకంటే ఆ లెక్క ఇప్పుడే తెలిస్తే చివరి రోజు పొద్దున "ఇంకొక్కటి దిగి వెళ్దాం, మధ్యాహ్నం విమానమేగా" అన్న స్నేహితుడికి జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఆ నాలుగో రోజు వృథా పోదు. నీటిపైన తేలుతూ చేసే స్నార్కెలింగ్‌కి ఈ నిబంధన లేదు. డైవింగ్ కుదరనివాళ్లకు కూడా అది అందరితో గడిపే పూట అవుతుంది.

2. అక్కడి సీజనే కాదు, ఇక్కడి తుఫాన్లు కూడా చూడండి

అండమాన్‌లో నైరుతి రుతుపవనాలు తగ్గాక, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా డైవింగ్ బాగుంటుంది. ఇది చదివి చాలామంది నవంబరు, డిసెంబరు టికెట్లు తీసేస్తారు. మరి ఆ రెండు నెలలు మన తీరానికి ఏ కాలం? తుఫాన్ల కాలం. మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు 2023 డిసెంబరు 4న చెన్నై విమానాశ్రయం మూతపడింది. మర్నాడు ఆ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను వచ్చినప్పుడు కూడా చెన్నై విమానాశ్రయాన్ని మూసేశారు. మీరు వెళ్లే చోట సముద్రం ప్రశాంతంగా ఉన్నా మీరు బయల్దేరే చోట ఉండకపోవచ్చు. కాబట్టి నెల్లూరువాళ్లకు సంక్రాంతి అయ్యాక, జనవరి చివరి నుంచి మార్చి దాకా మేలు. డిసెంబరే కుదురుతుందంటే తేదీ మార్చుకునే వీలున్న టికెట్లు తీసుకోండి. డబ్బు ఇరుక్కుపోయినప్పుడే మనుషులు తొందరపడతారు. ఒక రోజు పోయిందని మిగతా రోజుల్లోకి రెండింతలు డైవింగ్ కుక్కుతారు.

3. ఆరోగ్య పత్రం నిజాయితీగా నింపండి, నెల్లూరులోనే నింపండి

డైవింగ్ సెంటర్‌లో ఒక ప్రశ్నల పత్రం ఇస్తారు. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి లేదా ఊపిరితిత్తుల ఆపరేషన్, గర్భం వంటి వాటి గురించి అడుగుతారు. కొన్ని ప్రశ్నలకు "అవును" అంటే డాక్టర్ సంతకం లేకుండా దించరు. ఇక్కడే పెద్ద తప్పు జరుగుతుంది. అంత దూరం వచ్చి, డబ్బు కట్టి, స్నేహితులంతా పడవ దగ్గర ఎదురుచూస్తుంటే "అవును" అని రాయడానికి ఎవరి చెయ్యి కదులుతుంది? అందరూ వరసగా "కాదు" రాసేస్తారు. "నిజం రాస్తే దిగనివ్వరు, ఆ మాత్రం దానికి నిజమెందుకు?" అని వాదించేవాళ్లూ ఉంటారు. ఉబ్బసం ఉన్న ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుకుపోతే, పైకి వచ్చేటప్పుడు అది వ్యాకోచించి లోపల చీల్చగలదు. పత్రంలో "కాదు" అని రాసినంత మాత్రాన అది ఆగదు. దీనికి మార్గం సులువు. ఆ పత్రాన్ని నెలరోజుల ముందే తెప్పించుకోండి. ఎవరికి వారే ఇంట్లో కూర్చుని నింపండి. "అవును" వచ్చినవాళ్లు చెవి, ముక్కు, గొంతు డాక్టర్నో, ఊపిరితిత్తుల డాక్టర్నో కలవండి. చాలా సందర్భాల్లో డాక్టర్ పరీక్షించి దిగొచ్చనే అంటారు. వద్దంటే ఆ సంగతి టికెట్ కొనకముందే తెలుస్తుంది.

4. స్థాయిని తగ్గించుకోండి, ఆనందం తగ్గదు

మొదటిసారి వెళ్లేవాళ్లకు రెండు దారులు. ఒకటి, ఇన్‌స్ట్రక్టర్ వెంట ఉండి చేయించే పరిచయ డైవ్. 12 మీటర్లు దాటి వెళ్లరు. రెండు, మూడు నాలుగు రోజుల కోర్సు చేసి 18 మీటర్ల దాకా వెళ్లే సర్టిఫికెట్ తెచ్చుకోవడం. దానికి ఈత కూడా రావాలి. "ఎలాగూ వెళ్తున్నాం కదా, కోర్సే చేసేద్దాం" అనిపిస్తుంది. నీళ్లలో మీకున్నది రెండు పూటలే అయినప్పుడు కోర్సు పెట్టుకుంటే పరీక్ష హడావుడి తప్ప పగడం చూసిన తృప్తి మిగలదు. లోతు తక్కువైతే చూసేది తక్కువవుతుందా? రంగులు బాగా కనిపించేది వెలుతురున్న తక్కువ లోతులోనే. ఎరుపు మొదటి కొన్ని మీటర్లలోనే మాసిపోవడం మొదలవుతుంది. సెంటర్‌కి ఫోన్ చేసినప్పుడు ధర ఒక్కటే అడగకండి. మొదటిసారి దిగేవాళ్లకు ఒక్కొక్కరికి ఒక ఇన్‌స్ట్రక్టర్‌ని ఇస్తారా? ముందు నడుములోతు నీళ్లలో సాధన చేయిస్తారా? పడవలో ఆక్సిజన్ కిట్ ఉంటుందా? ఒకరు చివరి నిమిషంలో మానుకుంటే ఏం చేస్తారు? ఈ నాలుగో ప్రశ్నకు విసుగు లేకుండా జవాబిచ్చే సెంటర్‌ని ఎంచుకోండి.

5. ఈత వచ్చినవాళ్లు మరింత జాగ్రత్త

"మేం సముద్రం పక్కన పుట్టినవాళ్లం, మాకు చెప్పాలా?" అనే స్నేహితుడు ప్రతి జట్టులో ఉంటాడు. ఈత మేలు చేస్తుంది, కాదనలేం. కాని ఈత మనకు ఒక అలవాటు నేర్పుతుంది: మునిగేటప్పుడు ఊపిరి బిగబట్టడం. స్కూబాలో మొదటి నియమం దానికి పూర్తిగా వ్యతిరేకం, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. కారణం లెక్క చూస్తే అర్థమవుతుంది. నీటిపైన ఒత్తిడి ఒక వంతు అనుకుంటే 10 మీటర్ల లోతులో రెండు వంతులు. ఆ లోతులో సిలిండర్ నుంచి నిండా గాలి పీల్చి, బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలవుతుంది. ఊపిరితిత్తులు రెండింతలు సాగవు. ఒకటి రెండు మీటర్లు అలా లేచినా దెబ్బ తగలవచ్చు. కాబట్టి బయల్దేరే ముందు కొన్ని వారాలు ఈతకొలనులో స్నార్కెల్ గొట్టంతో, నోటితో ఆగకుండా నెమ్మదిగా గాలి పీలుస్తూ వదులుతూ సాధన చేయండి. ఈత రానివాళ్లకు దీంతో బెరుకు పోతుంది, వచ్చినవాళ్లకు పాత అలవాటు వదులుతుంది. దీన్ని సముద్రంలో చేయకండి, అలల లాగుడు సాధనకు పనికిరాదు.

6. మీ చెవి సంగతి మీకొక్కరికే తెలుసు

పగడం దాకా వెళ్లి వెనుదిరిగేవాళ్లలో చాలామందిని ఆపేది చెవే. ఒత్తిడి తేడా ఎక్కువగా తెలిసేది మొదటి 10 మీటర్లలోనే. అంటే పరిచయ డైవ్ జరిగే లోతులోనే. దిగుతూ ముక్కు మూసుకుని మెత్తగా ఊదాలి, లేదా గుటక వేయాలి. నొప్పి మొదలయ్యాక కాదు, అంతకుముందే, అడుగడుగునా. చెవి తెరుచుకోకపోతే కొంచెం పైకి లేచి మళ్లీ ప్రయత్నించాలి. బలంగా ఊదకూడదు. జలుబు ఉంటే దిగకూడదు. మాత్ర వేసుకుని దిగితే నీళ్లలో ఉండగానే దాని ప్రభావం తగ్గి, పైకి వచ్చేటప్పుడు చెవి మూసుకుపోవచ్చు. "ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉంటాడుగా, అన్నీ ఆయనే చూసుకుంటాడు" అనుకుంటున్నారా? ఆయన మీ సిలిండర్ చూస్తాడు, లోతు చూస్తాడు, మాస్క్ వెనక మీ కళ్లు చూస్తాడు. మీ చెవిలో పోటు ఆయనకు కనిపించదు. మీరు చెబితేనే తెలుస్తుంది. నలుగురూ దిగిపోతున్నారని నొప్పి ఓర్చుకున్నవాళ్ల కర్ణభేరి చిల్లిపడితే ఆ ఒక్క డైవే కాదు, మిగతా సెలవంతా పోతుంది. డబ్బు దండగవుతుందని దిగేవాళ్లు ఈ లెక్క కూడా వేయాలి.

7. చేతి సైగలు ఒడ్డునే బాగా నేర్చుకోండి

నీళ్లలో మాట ఉండదు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే "బాగున్నాను". అరచెయ్యి అటూ ఇటూ ఊపి చెవి చూపిస్తే "చెవి ఇబ్బంది". మరి బొటనవేలు పైకెత్తితే? ఒడ్డున అది "సూపర్". నీళ్లలో మాత్రం "పైకి వెళ్దాం". రంగురంగుల చిలకచేపను చూసి సంబరంగా బొటనవేలు ఎత్తారనుకోండి, ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని పైకి తీసుకెళ్లిపోతాడు. తప్పు ఆయనది కాదు, ఆ సైగకు ఎదురుప్రశ్న ఉండకూడదు. డైవర్లు పాటించే ఒక నియమం ఉంది: ఏ డైవ్‌నైనా, ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణంతోనైనా ఆపవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. అనుభవం ఉన్నవాళ్లే పెట్టుకున్న నియమం ఇది. వాళ్లకే అవసరమైతే మొదటిసారి దిగే మనకు ఎంత అవసరమో ఆలోచించండి.

8. పగడాన్ని తాకి ధైర్యం నిరూపించుకోకండి

ఫొటో కోసం పగడం పట్టుకోమని పక్కవాళ్లు సైగ చేస్తారు. మొహమాటానికి ఇదొక రూపం. గుండ్రటి పగడాలు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లయినా పెరగడం కష్టం. కాలికి తొడుక్కున్న ఫిన్ తగిలి విరిగిన ముక్క వెనక ఏళ్ల ఎదుగుదల ఉంటుంది. 1998లో, 2010లో, 2016లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబారాయి. వాటి మీద మన చెయ్యి కూడా పడనక్కర్లేదు. దిబ్బలు కట్టే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన ముక్కను తీసుకొచ్చినా నేరమే. కొన్ని పగడాలు తాకితే చర్మం మంటెత్తుతుంది కూడా. మొదటి డైవ్‌లో కెమెరా మీ చేతిలో పెట్టుకోకండి, మీ దృష్టి ఊపిరి మీద, చెవి మీద ఉండనివ్వండి. సన్‌స్క్రీన్ రుద్దుకోవడం కన్నా పొడుగుచేతుల ఈత చొక్కా మీకూ పగడానికీ మంచిది.

జట్టులో తరచూ దొర్లే తప్పులు

1. మొదటి రాత్రే మందు పార్టీ పెట్టుకోవడం. ఒంట్లో నీరు తగ్గినా, నిద్ర చాలకపోయినా తెల్లారి డైవ్‌లో ముప్పు పెరుగుతుంది. పార్టీ చివరి డైవ్ అయ్యాక పెట్టుకోండి.

2. దట్టమైన మీసంతో మాస్క్ సరిచూసుకోకుండా దిగడం. అంచు అతకక నీళ్లు కారతాయి. కళ్లజోడు ఉన్నవాళ్లు పవర్ ఉన్న మాస్క్ ఉందేమో ముందే అడగాలి.

3. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ సరిపోతుందనుకోవడం. స్కూబాకి వర్తిస్తుందో లేదో, ఎంత లోతు దాకానో చదివి కొనండి.

4. పడవ కదిలాక వాంతి మాత్ర వేసుకోవడం. వేసుకునేదేదో ముందే డాక్టర్ని అడిగి, నిద్రమత్తు ఇవ్వనిది ఎంచుకోండి.

"ఇంత భయపెడితే సరదా ఎక్కడుంటుంది?"

చివరి అభ్యంతరం ఇదే, గట్టిది కూడా. ఒక్కరు భయపడితే అందరి పూటా పాడవుతుందని, కాస్త తోస్తేనే మనుషులు ముందుకెళ్తారని అంటారు. తోయడం వల్ల బడిలో, ఉద్యోగంలో మేలు జరిగిన సందర్భాలు ఉండొచ్చు. అక్కడ తప్పు జరిగితే దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. నీళ్లలో ఆ వ్యవధి తక్కువ. పైగా భయపడ్డ మనిషి గబగబా ఊపిరి తీస్తాడు, సిలిండర్ త్వరగా ఖాళీ అవుతుంది. కాళ్లు కొట్టి అడుగు ఇసుక లేపుతాడు, చేపలు చెదిరిపోతాయి. నిదానంగా ఉన్నవాళ్లు అదే సిలిండర్‌తో ఎక్కువసేపు ఉంటారు, ఎక్కువ చూస్తారు. అంటే బెరుకున్న స్నేహితుడికి సమయమివ్వడం వల్ల అందరికీ సరదా పెరుగుతుందే కానీ తగ్గదు. తోయకపోతే వాళ్లు ఎప్పటికీ దిగరేమో అన్న సందేహం కూడా వద్దు. మానుకునే స్వేచ్ఛ ఉందని నమ్మినవాళ్లు ఒక్క మెట్టు ప్రయత్నించడానికి త్వరగా ఒప్పుకుంటారు: ముందు నడుములోతు, తర్వాత మూడు మీటర్లు, అక్కడ బాగుంటే ఇంకాస్త.

కాబట్టి ఈ రాత్రే గ్రూపులో ఒక సందేశం పెట్టండి. "మనలో ఎవరు, ఎప్పుడు వద్దన్నా కారణం అడగం, ఎగతాళి చేయం, వాళ్ల వాటా డబ్బు గురించి ఎత్తం. ఒప్పుకున్నవాళ్లే టికెట్ డబ్బు పంపండి." అందరూ సరే అంటే ప్రయాణానికి సిద్ధంగా ఉన్నట్టే. ఒక్కరు ఎగతాళి చేసినా టికెట్లు తీయకండి. ముందు వాళ్లతో మాట్లాడండి. మీరు కూడా మొహమాటపడకుండా ఈ ఒక్క షరతు పెట్టగలిగితే, డైవింగ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం నెల్లూరులోనే నేర్చుకున్నట్టు.